పెద్దమ్మ మెడలో గంధపు దండ

ఆ రోజుల్లో నాకు ప్రేరణ అనే మాట మీద అంతులేని నమ్మకం ఉండేది. చిత్రకారుడన్నవాడు ఓపిగ్గా ఎదురుచూస్తే అది ఏదో ఒక పూట తప్పకుండా వస్తుందనీ, వచ్చినప్పుడు మనం గదిలో లేకపోతే ఇంకొకడి గదికి పోతుందనీ అనుకునేవాణ్ణి. అందుకే మధ్యాహ్నాలు ఎక్కడికీ కదిలేవాణ్ణి కాదు. (నిద్రపోయేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి.) గడ్డం పెంచాను, భుజాన గుడ్డ సంచీ తగిలించాను. ఈ రెండూ ఉంటే సగం చిత్రకారుడైపోయినట్టేనని మా ఆర్ట్ కాలేజీలో అందరం నమ్మేవాళ్ళం. మిగతా సగం ఎలా అవ్వాలో ఎవరూ చెప్పలేదు.

అలాంటి నాకు సికింద్రాబాదులో, రాంగోపాల్‌పేట్‌లో, ఒక పాత ఇంటి మేడ మీద గది దొరికింది. గదికి ఉత్తరం వైపు ఇంత పెద్ద కిటికీ. ఉత్తరపు వెలుగు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కలాగే ఉంటుంది, నీడలు అటూ ఇటూ పరుగెత్తవు కాబట్టి బొమ్మలు వేసేవాళ్ళు దానికోసం పడి చస్తారు. గుంటూరు వైపు మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారైన మా నాన్నగారు మాత్రం ఆ కిటికీని చూసి ఏమీ ముచ్చటపడలేదు. "ఈ గది ఉన్నన్నాళ్ళూ నీ ఇష్టం. ఇది కాస్తా ఊడిందా, మారు మాట్లాడకుండా బెజవాడ బస్సెక్కి మీ మావయ్య సిమెంటు గోడౌన్లో చేరు" అని షరతు పెట్టి వెళ్ళారు. దాంతో నా కళాజీవితమంతా ఆ కిటికీకి వేలాడుతూ ఉండేది.

ఆ గది ఇచ్చినావిణ్ణి నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. కింది వాటాలో ఒక్కతే ఉండేది, కూతుర్ని బన్సీలాల్‌పేట్‌లో ఇచ్చింది. మనిషి సన్నగా, నిటారుగా ఉండేది. మంచిదే గానీ నా వృత్తి విషయంలో ఆవిడకు చివరిదాకా స్పష్టత రాలేదు. రంగులు వేసేవాడంటే రంగులు వేసేవాడే, గోడకైతేనేం గుడ్డకైతేనేం అన్నది ఆవిడ అభిప్రాయం. నేను కాన్వాసు ముందు కూర్చుని ప్రేరణ కోసం చూస్తుంటే, "ఖాలీగనే ఉన్నవ్ గద బిడ్డా, జెర గీ సందూక్కు రంగెయ్యరాదు" అని ఇనప పెట్టె తెచ్చి నా ముందు పడేసేది. పెట్టె అయ్యాక బియ్యం డబ్బా మూత, అది అయ్యాక తులసి కోట. నిజం చెప్పాలంటే ఆ వీధిలో నా పనితనానికి మొదట పేరు తెచ్చింది ఆ తులసి కోటే.

మా ఇద్దరికీ పేచీ ఒక్క టర్పెంటైన్ దగ్గరే. ఆ వాసన మెట్లు దిగి నేరుగా ఆవిడ వంటింట్లోకి పోయేదట. అంతే, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ధనధనా మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడేది. ఒక కనుబొమ్మ పైకి పోయేది, పెదవులు బిగుసుకునేవి, తల కొంచెం పక్కకు వంగేది. నోరు తెరవక ముందే మనం చేసినవీ, చేయబోయేవీ అన్ని తప్పులూ గుర్తుకొచ్చే చూపు అది. ఆ తర్వాత, "ఏందిర గిది? నా మామిడికాయ తొక్కుకు సుత గీ వాసనే వట్టె! నోట్లె వెట్టుకుంటే తలుపు నాకినట్టున్నది!" అనేది.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథ నడవదు. పెద్దమ్మ జన్మలో ఫొటో దిగలేదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. సొంత కూతురి పెళ్ళిలోనే ఫొటోగ్రాఫర్ను చూసి ధాన్యం బస్తాల గదిలో దూరి గడియ పెట్టుకుందట. "ఆడు పోయిండని నాలుగు దిక్కులకెళ్ళి చెప్పినంకనే ఎల్లిన" అని గర్వంగా చెప్పేది.

గదిలో కూర్చుంటే ప్రేరణ రావడం లేదని నేనే దాని దగ్గరికి వెళ్ళిన రోజులూ ఉన్నాయి. బన్సీలాల్‌పేట్‌లో పాత మెట్లబావి ఉందంటే, శిథిల సౌందర్యాన్ని పట్టుకొద్దామని డ్రాయింగు బోర్డుతో బయలుదేరాను. (అప్పట్లో అది చెత్తతో నిండిపోయి ఉండేది. మెట్లు ఎక్కడున్నాయో ఊహించుకోవాలి.) నేను బోర్డు తెరిచి, పెన్సిలు పట్టుకుని, ఒక కన్ను మూసి కొలతలు తీస్తుంటే జనం చుట్టూ చేరారు. నేను మునిసిపాలిటీ నుంచి వచ్చానని వాళ్ళకు వాళ్ళే తేల్చుకున్నారు. "సార్, గీ మోరీ సుత రాస్కోన్రి, వాన పడ్డదంటే నీళ్ళన్ని ఇండ్లల్లకే" అని ఒకాయన నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. ఆ రోజు నేను శిథిల సౌందర్యం బదులు నాలుగు మురిక్కాలవల బొమ్మలు వేసుకుని వచ్చాను.

ఇలా ఉండగా మల్కాజ్‌గిరి నుంచి ఒక బట్టల షావుకారు గారు నా గది వెతుక్కుంటూ వచ్చారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, బుగ్గన ఎప్పుడూ జర్దా కిళ్ళీ. వెంట ఆయన అక్కగారు. వాళ్ళమ్మగారు పోయి ఏడాది కావస్తోంది, సంవత్సరీకం నాటికి గోడకు పెద్ద నూనెరంగుల బొమ్మ కావాలి. ఫొటో ఇమ్మన్నాను. అక్కాతమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు.

"ఫొటో ఉంటే మీదాకా ఎందుకు వస్తామండీ? స్టూడియోలో పెద్దది చేయించుకునేవాళ్ళం గదా" అన్నారు షావుకారు గారు. "మా అమ్మ ఫొటో దిగలేదండీ. ఆయుష్షు తగ్గుతుందని."

ఆ రోజుల్లో ఇలాంటి బొమ్మలు వేయించుకోవడం ఉండేది. ఇంట్లోవాళ్ళు ఎదురుగా కూర్చుని పోలికలు చెబుతుంటే, మనం గీస్తూ చెరుపుతూ మనిషిని రాబట్టాలి. నాకు అది మొదటిసారి. "ముక్కు మా తమ్ముడిది చూసి వేయండి, కాకపోతే కొంచెం ఆడ ముక్కులా ఉండాలి" అన్నారు అక్కగారు. నేను వేశాను. "అమ్మకు ఇంత ముక్కెక్కడిదే?" అన్నారు షావుకారు గారు, అద్దంలో తన ముక్కు ఎన్నడూ చూసుకోని మనిషిలాగా. ఆయన మనసులో ఉన్నది నెరిసిన జుట్టు ముసలమ్మ. ఆవిడ మనసులో ఉన్నది బేసరి పెట్టుకున్న నడివయసు ఇల్లాలు. నాకు మధ్యలో ఎవరో మూడో ఆవిడ తయారయ్యేది. ఎన్నిసార్లు వచ్చారో, ఎన్నిసార్లు చెరిపానో! (వాళ్ళు వచ్చేది రాత్రి దుకాణం కట్టేశాక, పెద్దమ్మ తలుపేసుకుని పడుకునే వేళకి.) చివరికి షావుకారు గారు నొచ్చుకుంటూనే, "అన్నీ ఉన్నాయండీ. అమ్మే లేదు" అని లేచారు. సంవత్సరీకానికి ఇంకో వారమే గడువు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను విసుగులో చెయ్యి విసిరితే టర్పెంటైన్ సీసా దొర్లి నేలంతా పారింది. మెట్ల మీద ధనధనా చప్పుడు. గుమ్మంలో పెద్దమ్మ. కనుబొమ్మ పైకి పోయింది. పెదవులు బిగుసుకున్నాయి. తల పక్కకు వంగింది. ఆవిడ తొక్కు పచ్చడి గురించి, నా పుట్టుక గురించి, రంగులు కనిపెట్టినవాడి గురించి చెప్పవలసినదంతా చెప్పి దిగిపోయింది. నేను తిరిగి కుంచె పట్టుకున్నాను. సాయంత్రం దాకా ఆపలేదు. ప్రేరణ అంటే ఏ వెన్నెల్లోనో వస్తుందనుకున్నాను గానీ, చివాట్ల రూపంలో వస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు. బొమ్మ పూర్తయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే అందులో ఉన్నది ఎవరో నాకు తెలిసింది. అయినా మల్కాజ్‌గిరి ఎక్కడ, రాంగోపాల్‌పేట్ ఎక్కడ అని సర్దిచెప్పుకున్నాను. జుట్టు నెరిపించి, అక్కగారి కోసం బేసరి పెట్టాను.

వాళ్ళొచ్చారు. నేను గుడ్డ తీశాను. షావుకారు గారు బొమ్మను చూడగానే నిటారుగా నిలబడి, చొక్కా గుండీ పెట్టుకుని, నోట్లో ఉన్న కిళ్ళీని గుటుక్కున మింగేశారు. జర్దా కిళ్ళీ! కళ్ళంట నీళ్ళు ధారలు కట్టాయి. అది జర్దా ఘాటో దుఃఖమో నాకు తెలీలేదు. అక్కగారు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఒరేయ్ తమ్ముడూ, అమ్మేరా! ఇదిగో, ఇలాగే చూసేది!" అని భోరుమన్నారు. ముక్కు గురించి ఎవరూ మాట్లాడలేదు.

సంవత్సరీకం ఘనంగా జరిగింది. బొమ్మకు గంధపు దండ వేశారు. అంతటితో కథ కంచికి వెళ్ళేదే, షావుకారు గారు కృతజ్ఞత గల మనిషి కాకపోయి ఉంటే. ఆ ఆదివారం ఆయన పళ్ళూ కొత్త బట్టలూ పట్టుకుని నాకోసం వచ్చారు. నేను మెట్ల మీద ఉన్నాను. కింద ఆయన చెప్పులతోనే లోపలికి అడుగు పెట్టబోతుంటే పెద్దమ్మ బయటికి వచ్చి, "చెప్పులు గాడ ఇడ్వరాదయ్యా, ఇప్పుడే కడిగిన!" అని ఆ చూపు చూసింది. షావుకారు గారి చేతిలోంచి బత్తాయిలు దొర్లాయి. "అమ్మా!" అంటూ ఆయన సాష్టాంగపడి ఆవిడ కాళ్ళు పట్టుకున్నారు.

"ఎవరయ్యా నువ్వు? ఏమాయె నీకు?"

"తప్పయిందమ్మా, మానేస్తానమ్మా, ఇంక కిళ్ళీ ముట్టనమ్మా!"

ఆయన్ని లేవదీసి, మంచినీళ్ళిచ్చి, సంగతంతా ఆయన నోటే విన్నది పెద్దమ్మ. బొమ్మ, గోడ, దండ, దీపం, అన్నీ. విన్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు పోయింది. కోపం వస్తుందని నేను సిద్ధంగా ఉన్నాను గానీ, ఆవిడ భయపడింది. అది నేను ఊహించలేదు. గోడకు ఆనుకుని కూలబడి, చాలా మెల్లగా, "నా బొమ్మ ఏసినవా బిడ్డా? బతికుండంగనే దండ ఏపిచ్చినవా?" అంది. తర్వాత కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "నెల నిండంగనే అర్ర ఖాలీ చెయ్. నీ మొకం సూడ" అని లోపలికి వెళ్ళిపోయింది. నా కళ్ళ ముందు సిమెంటు బస్తాలు కదిలాయి. కానీ వాటికన్నా ఆ మెల్లటి గొంతే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

రెండు రోజులు కింద వంటింట్లో చప్పుడు లేదు. మూడో రోజు పొద్దున్నే పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని మేడెక్కి వచ్చి, "నడువ్. ఎట్లేసినవో సూడాలె. ఎట్లాగూ పోయేదాన్నే, సూసే పోత" అంది. బస్సెక్కి మల్కాజ్‌గిరి వెళ్ళాం. షావుకారు గారింట్లో ఆవిడ గుమ్మంలో కనబడగానే కోడలు చేతిలోని చెంబు వదిలేసింది. పిల్లలు మంచం కిందికి దూరారు. అక్కగారు దేవుడి గదిలోంచి వచ్చి చప్పున కొంగు సర్దుకున్నారు.

పెద్దమ్మ బొమ్మ ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. అద్దంలో కాకుండా తన మొహం తాను చూసుకోవడం ఆవిడకు అదే మొదలు. "నేను గింత గుస్సగ ఉంటనార?" అంది చివరికి. షావుకారు గారు అలవాటుగా గుండీ సర్దుకున్నారు.

"మీరు గీ బొమ్మ జూసి ఏడ్సిన్రా?" అని పెద్దమ్మ అక్కగారిని అడిగింది.

"ఏడవకేం తల్లీ! ఇంటిల్లిపాదీ ఏడ్చాం."

"మంచిగ ఏడ్సిన్రా? ఊకె కండ్లు తుడుసుకున్నరా?"

"వెక్కి వెక్కి ఏడ్చామమ్మా" అన్నారు షావుకారు గారు.

పెద్దమ్మ మొహం మెల్లగా తేటపడింది. "మా దిక్కు కాకి తన్నితే, మనిషి సచ్చిపోయిండని చుట్టాలకు ఉత్తుత్త కబురు పంపుతరు. ఆళ్ళు నిజమే అనుకోని ఏడుస్తరు. గా ఏడుపుల గండం కొట్టుకపోతది. మీరు నా మొకం జూసే గద ఏడ్సిన్రు? దండ సుత ఏసిన్రు, దీపం సుత వెట్టిన్రు. ఇగ యముడు నా పేరు కొట్టేసిండు పో!" (ఈ లెక్క మా చర్చి సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు గానీ, అంతకన్నా చక్కటి లెక్క నేను ఇప్పటిదాకా వినలేదు.) ఆవిడ అక్కడే పీట వేసుకుని కూర్చుని, పప్పూ అన్నం తిని, వాళ్ళ ఆవకాయలో ఉప్పు తక్కువైందని చెప్పి లేచింది. తిరుగు బస్సులో, "అర్ర సంగతి మర్శిపో" అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

నాకు వేరే కష్టం మొదలైంది. తన చూపు గోడకెక్కిందని తెలిశాక పెద్దమ్మ మెత్తబడిపోయింది. టర్పెంటైన్ వాసన వస్తే పౌడరు రాసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి చిరునవ్వు నవ్వేది. ఆ నవ్వుతో ఒక్క బొమ్మా కుదరలేదు. చివరికి నేనే కావాలని ఒకరోజు ఆవిడ తులసి కోట మీద నీలం రంగు ఒలకబోశాను. అప్పుడు గానీ నా కుంచె కదలలేదు.

యముడు నిజంగానే పేరు కొట్టేసినట్టున్నాడు, పెద్దమ్మ చాలా ఏళ్ళు బతికింది. ప్రతి ఏడూ షావుకారు గారి తల్లి సంవత్సరీకానికి వెళ్ళి, తన దండ తనే సవరించుకుని, ఆయన బుగ్గ వంక అనుమానంగా చూసి వచ్చేది. ఆవిడ పోయాక కూతురు నా దగ్గరికి వచ్చింది. "అమ్మ ఫొటో ఒక్కటి సుత లేదన్నా" అంది. అప్పటికి నాకు కొంచెం పేరొచ్చింది, చెయ్యి తిరిగింది. అయినా ఎంతకీ కుదరలేదు. ముక్కు అలా కాదంది కూతురు. కనుబొమ్మ ఇంకా పైకి అంది. ఇక లాభం లేదని ఆవిణ్ణి వెంటబెట్టుకుని మల్కాజ్‌గిరి వెళ్ళాను. గోడమీది బొమ్మ చూసి ఆ కూతురు చేతులు జోడించి ఏడుస్తుంటే, పక్కన ముసలి షావుకారు గారు కూడా ఏడ్చారు. ఇద్దరూ ఒకే బొమ్మ ముందు నిలబడి, ఎవరి అమ్మ కోసం వాళ్ళు ఏడ్చారు. ఆ హాల్లోనే కూర్చుని నకలు తీసి ఆమెకిచ్చాను.

ఇంకొక నకలు నాకోసం తీసుకున్నాను. అది మేడ మీదున్న నా స్టూడియోలో గుమ్మానికి ఎదురుగా ఉంది. ఇప్పుడు నా వయసు అప్పటి పెద్దమ్మ వయసు దాటింది, గడ్డం పోయింది, గుడ్డ సంచీ కూరగాయలకు పనికొస్తోంది. బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు దానికి దండ ఎందుకు వేయలేదని అడుగుతారు. మొన్న మధ్యాహ్నం సీసా దొర్లి టర్పెంటైన్ నేలంతా పారింది. గుడ్డ కోసం పరుగెత్తబోయి ఆగిపోయాను. తలుపు బార్లా తీసి, మెట్లకేసి చూస్తూ, వాసన కింది దాకా పోనిచ్చాను.