పెద్దమ్మ పటిక తిప్పిన మందు

ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకు ఇంట్లో దక్కే గౌరవం విచిత్రంగా ఉండేది. మా అమ్మాయి మందు కనిపెడుతోందని వీధంతా చెప్పేవాళ్లు గానీ, ఆ మందున్న సీసా జోలికి పోకుండా ఒక్క పూట ఉండలేకపోయేవాళ్లు. ఎనభైల్లో నేను గుంటూరులో ఎమ్.ఫార్మసీ చదువుతూ, సెలవైతే చిలకలూరిపేటలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లేదాన్ని. పెద్దమ్మ బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. మోకాళ్ల నొప్పులు. బిళ్ల వేసుకుంటే కడుపులో మంట (సగం మంట పండుమిరప పచ్చడిదే అన్నందుకు నాతో మాట్లాడటం మానేసింది), వేసుకోకపోతే ప్రార్థనకు మోకరించలేకపోయేది. "నువ్వా మందేదో తొందరగా చెయ్యవే. నీకోసమే మోకాళ్లూని ప్రార్థన చేస్తా," అనేది.

నా పరిశోధన సరిగ్గా ఆ నొప్పి మందు మీదే. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురులో పొడవాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి, వాటి ఒంటినిండా రుణావేశం. పుండ్లు కడగడానికి వాడే సబ్బులాంటి పదార్థం ఒకటుంది, దానిది ధనావేశం. రెంటినీ కలిపితే వాటేసుకుంటాయి. సబ్బు అణువుల తోకలకు నీళ్లంటే గిట్టదు కాబట్టి లోపలికి ముడుచుకుంటాయి, నీళ్లలో కరగని నొప్పి మందు ఆ తోకల మధ్య దూరి కూర్చుంటుంది. అలా దాక్కుని, కడుపును కాల్చకుండా దాటిపోయి, పేగుల్లో నింపాదిగా బయటికి రావాలి. ఇదంతా కాగితం మీద! సీసాలో మాత్రం సబ్బు ఒక్క చుక్క ఎక్కువైతే చాలు, విరిగిన పాలలా ముక్కలై అడుక్కు దిగేది. "ఓపిక పట్టమ్మా," అనేవారు మా గైడు (అందుకే ఆయనకు ఓపిక మాస్టారని పేరు. ఓపిక పట్టేది మేము, పేరు ఆయనకు!). జిగురు కాస్త మిగిలేలా పోస్తే, ఆ మిగిలిన రుణావేశంతో రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతూ ఉంటాయని తెలిసేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఒక వేసవిలో కుదిరింది. పల్చటి పాలలా తెల్లగా, అడుగున చిటికెడు మడ్డి లేకుండా నిలబడింది. సోమవారం బయటి కాలేజీ నుంచి పరీక్ష చేసే ఆయన వస్తున్నారు. అప్పటిదాకా అది అలా మసగ్గానే ఉంటే నాకు డిగ్రీ, తేటపడితే మళ్లీ ఆరు నెలల చాకిరీ. ల్యాబుకు తాళం వేసేశారు, హాస్టలు గదేమో పొయ్యి మీద పెనం. సీసాను ఒళ్లో పెట్టుకుని పేట బస్సెక్కాను. కండక్టరు దాన్ని చూసి, "చూడబోతే చదువుకున్న పిల్లలా ఉన్నావు, బస్సులో కల్లు తీసుకెళ్తావేంటమ్మా?" అన్నాడు. బస్సంతా తిరిగి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

పెద్దమ్మ ఇంట్లో చల్లగా ఉండేది నీళ్ల బిందెల గట్టు ఒక్కటే. సీసా అక్కడ పెట్టి, "దీన్నెవరూ కదపకూడదు, తాగకూడదు, పారబొయ్యకూడదు. ఒట్టెయ్యి," అన్నాను. "మనం ఒట్లు పెట్టుకోకూడదే. మాటిస్తున్నాగా," అంది. ఆ ఇంటికి వచ్చేవి కాలవ నీళ్లు, ఎర్రగా బురద. పెద్దమ్మ ప్రతి బిందెలోనూ పటిక ముక్క తిప్పి తేర్చేది. పక్కింటివాళ్ల బిందెల్లోనూ తిప్పి వచ్చేది. ఆవిడ కంటి ముందు మసక నీళ్లు బతికి బట్టకట్టేవి కావు. ఇది తెలిసీ సీసాను ఆ గట్టు మీదే పెట్టిన నా తెలివికి ఏం పేరు పెట్టాలి?

ఆదివారం చర్చి నుంచి నేను వచ్చేసరికి, ముందే ఇల్లు చేరిన పెద్దమ్మ గుమ్మంలో వెలిగిపోతూ నిలబడింది. "అమ్మాయ్, నీ మందు చూసుకో! కొబ్బరి నీళ్లలా ఉంది."

నిజంగానే కొబ్బరి నీళ్లలా ఉంది. నా మందు మాత్రం అడుగున తెల్లటి మడ్డిగా కూర్చుంది. పటికది మహా గట్టి ధనావేశం. నేను నెలల తరబడి బతిమాలి నిలబెట్టుకున్న రుణావేశాన్ని అది ఒక్క పూటలో మింగేసింది.

"మాటిచ్చావు కదే పెద్దమ్మా!" అని ఏడుస్తూ అరిచాను.

"తప్పానా? తాగలేదు, పారబొయ్యలేదు. సీసా అసలు కదపలేదు. పటికకు దారం కట్టి, దాన్నే తిప్పా. అంత మురికి నీళ్లు పట్టుకెళ్తే పెద్దసారు ముందు మన ఇంటి పరువేంగాను?"

సోమవారం పరీక్షకొచ్చిన ఆ పెద్దసారు సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి, "నీళ్లు భేషుగ్గా ఉన్నాయి. మందేదమ్మా?" అన్నారు. "మా పెద్దమ్మ పటిక తిప్పిందండీ," అన్నాను. ఏనాడూ గొంతు పెంచని ఓపిక మాస్టారు చేతిలోని సుద్దముక్క బల్లకేసి కొట్టి, "పటికేంటమ్మా! పటికేంటి!" అని గది దద్దరిల్లేలా అరిచారు. ఆరు నెలలు పొడిగించారు. ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ తాపీగా, "ఆరు నెలలేగా, ఓపిక పట్టు," అంది. ఇక ఎవరి మీద అరవను?

తర్వాత మందు మళ్లీ కుదిరింది, డిగ్రీ వచ్చింది. ఆ మందు ఎలుకల మీద పరీక్షల దాకా వెళ్లి ఆగిపోయింది. పెద్దమ్మ కడదాకా ఆ మంట బిళ్లలే మజ్జిగతో మింగి, బల్ల పట్టుకుని మోకరించి, నా పేరుతోనే ప్రార్థన మొదలుపెట్టేది. ఇప్పుడు ఆ మోకాళ్లు నాకొచ్చాయి. డాక్టరు రాసిచ్చిన గొట్టం బిళ్ల, అదే క్యాప్సూలు, కడుపును కాల్చకుండా దాటిపోయి, పేగుల్లో నింపాదిగా విచ్చుకుంటుందట. రోజూ పొద్దున దాన్ని మింగుతూ, ఇది ఎవరు చేశారో గానీ వాళ్లకు పటిక తిప్పే పెద్దమ్మ లేదు కాబోలు, పాపం, అని నవ్వుకుంటాను.