ఏడు గుండీల మహారాజు

మా బావ, అంటే మా అక్క మొగుడు, నలభై ఏళ్లుగా దర్జీ. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని కూడా ఆయన స్పష్టంగా పలకగలిగే మాట ఒక్కటే: "రేపు." కోటు అడిగినా రేపే, చిరిగిన జేబు అడిగినా రేపే. పసిబిడ్డకి చొక్కా కుట్టమని గుడ్డ ఇస్తే, ఆ బిడ్డే మీసాలతో వచ్చి చొక్కా పట్టుకెళ్లడం నేను కళ్లారా చూశాను. నమ్మితే నమ్మండి. పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ఆయన వేసిన కాజాలో దూరిన గుండీకి బయటికి రాబుద్ధి కాదు.

షాపులో ఒక మిషను, ఒక కటింగ్ బల్ల పడితే మూడో మనిషి పక్కకి తిరిగి నిలబడాలి. బుధవారం మధ్యాహ్నం వీధికంతా సెలవు. అప్పుడు షట్టరు సగం దించి, బల్ల మీద పాత కంబళి పరిచి, బావ రాజవుతాడు.

ఈ రాజయోగం ఆయనకి మా మేనకోడలి వల్ల పట్టింది. ఆ పిల్ల కంప్యూటర్లో పాతకాలపు రాజుల ఆట ఆడుతుంటే, ఈయన టేపు మెడలో వేసుకుని వెనక నిలబడేవాడు.

"ఇన్ని కోటలుండి ఎలా ఓడిపోయావే?"

"కోటలుంటే చాలదు నాన్నా, పలుకుబడి ఉండాలి. సాయం పంపుతానని పంపలేదు. అయినదానికీ కానిదానికీ యుద్ధానికి రమ్మన్నాను. సామంతులు నా మొహం చూడటం మానేశారు."

వారం తిరక్కుండా బావ అదే ఆటని కంబళి మీదికి దింపేశాడు. సుద్దతో సరిహద్దులు, నీలం దారంతో నది, ఖాళీ రీళ్లతో కోటలు. పలుకుబడికి ఇత్తడి గుండీలు, వాటికి తలా ఒక స్టీలు గిన్నె. సైన్యాన్ని కదిలించాలంటే ఒక గుండీ ఖర్చు. మాట తప్పితే మూడు గుండీలు శత్రువు గిన్నెలో పడతాయి. గుండీ సంపాదించడమే కష్టం. ఎవరికి వారు తీసుకోకూడదు. సాయం అందుకున్నవాడు తన చేత్తో మన గిన్నెలో వెయ్యాలి.

ఉత్తరదేశపు రాణి, మా అందరి శత్రువు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు. బావకి సామంతులం ఇద్దరం: నేను, పక్క షాపు చెప్పుల డాక్టరు. తెగిన చెప్పుని బతికిస్తాడని వీధి వాడికిచ్చిన బిరుదు అది. బావకి చిన్ననాటి స్నేహితుడు.

డాక్టరు నాలుగు బుధవారాలు కష్టపడి నది ఒడ్డున కోట కట్టుకున్నాడు. రాణిగారు దాని మీద పడ్డారు.

"సైన్యం పంపరా!" అన్నాడు డాక్టరు.

బావ చూపు పక్కనున్న ఊరి మీదుంది. అది ఎలాగైనా కావాలి. "రేపు పంపుతా," అన్నాడు, అలవాటుగా.

కోట కూలింది. కోట పోయినవాడి గిన్నె కూడా ఖాళీ చెయ్యాలి. బావ పది గుండీల్లో మూడు రాణిగారికి పోయి ఏడు మిగిలాయి.

"నీ రాజ్యంలో కూడా రేపేనా?" అని డాక్టరు లేచి వెళ్లిపోయాడు.

రెండు బుధవారాలు రాలేదు. సెలవైనా షాపు తెరిచి, మాకు వినపడేలా ఉత్త అట్టముక్కని సుత్తితో బాదేవాడు. ఆ చప్పుడుకి బావ కత్తెర వంకర పోయేది. ఆయనకి అన్నం సహించడం లేదని అక్క నాతో చెప్పుకుని బాధపడింది. చిన్ననాటి స్నేహం దారప్పోగు మీద వేలాడుతోంది.

చివరికి నన్ను తోడు తీసుకుని బావ పక్క షాపుకెళ్లాడు. "రారా, నువ్వు లేందే ఆట లేదు."

డాక్టరు తలెత్తలేదు. "నా చొక్కా గుడ్డ నీ దగ్గర పడి పదకొండు నెలలు. బుధవారం పొద్దుటికి చొక్కా ఇస్తే మధ్యాహ్నం ఆటకి వస్తా. ఇవ్వలేదా, ఇక నీ గుమ్మం తొక్కను."

"రే..." అని, బావ మిగతా అక్షరం మింగేశాడు. "ఇస్తా."

బుధవారం పొద్దున డాక్టరు తలుపు తీసేసరికి బావ చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఆ వీధిలో అలాంటిది జరగడం అదే మొదలు. సూర్యుడు కూడా ఓ నిమిషం ఆగి చూశాడు.

మధ్యాహ్నం డాక్టరు కొత్త చొక్కాతో వచ్చి కూర్చున్నాడు. రాణిగారు ఆలస్యం చెయ్యకుండా బావ రాజధాని మీదికి సైన్యాన్ని నడిపారు. బావ గుండీ కోసం గిన్నెలో చెయ్యి పెట్టాడు. గిన్నె ఖాళీ.

"బామ్మర్దీ, నువ్వేనా?"

"నాకెందుకు బావా నీ పలుకుబడి?"

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్లజోడు సర్దుకుని డాక్టరు ఛాతీ వైపు చూశారు. "మహారాజా, మీ పలుకుబడి అంతా అక్కడ మెరుస్తోంది."

ఏడు ఇత్తడి గుండీలు. మాట నిలబెట్టుకోవాలన్న హడావుడిలో చేతికందిన గిన్నెలోంచి తీసి కుట్టేశాడు! నవ్వీ నవ్వీ నాకు పొట్ట పట్టేసింది. బావ మొహం మాత్రం పాలిపోయింది. "కత్తెర ఇవ్వరా, కోసుకుంటా."

"ఆగు. ఎవరికి వారు తీసుకోకూడదని రూలు పెట్టింది నువ్వేగా?" డాక్టరు కత్తెర అందుకుని, ప్యాంటులో దూరిపోయే అట్టడుగు గుండీ కోసి గిన్నెలో వేశాడు. "మాట మీద చొక్కా ఇచ్చావు. ఇదిగో ఒకటి. మిగతావి సంపాదించుకో."

ఒక్క గుండీకి ఒక్కసారే సైన్యం కదులుతుంది. రాజధానిని కాపాడుకోవచ్చు, లేదా డాక్టరు కోట తిరిగి తేవచ్చు. బావ గుండీని కాసేపు వేళ్ల మధ్య తిప్పాడు. తర్వాత సైన్యాన్ని నది ఒడ్డుకి నడిపాడు.

"ఒరేయ్, నీ రాజధాని పోతుందిరా!"

"పోనీరా. ముందు నీ కోట."

రాజధాని పోయింది. కోట వచ్చింది. డాక్టరు పొట్ట మీది గుండీ కూడా కోసి గిన్నెలో వేశాడు.

ఆట ముగిశాక చొక్కా అంచులు చేత్తో పట్టుకుని డాక్టరు గుమ్మం దిగబోయాడు.

"రేపు వేరే గుండీలు కుట్టి..." అన్న బావ నాలిక్కరుచుకున్నాడు. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఇటు రారా," అన్నాడు. "ఇప్పుడే కుట్టేస్తా."