దేవసహాయం అయ్యగారు, నాకింకా అర్థం కాని రాజ్యం

నిన్న ఉదయం సెకండ్ పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూమ్‌లో ఫోన్ చూశాను. మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఒకే లైన్.

"దేవసహాయం అయ్యగారు ఇక లేరు."

వేరే ఎవరో దేవసహాయం గారు అనుకున్నాను. నాలుగుసార్లు చదివాను. ఫోన్ చేస్తే నిజమే అన్నారు.

అల్లూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నారట. బస్సు వచ్చింది. ఆయన లేవలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అల్లూరు దగ్గర మా ఊరి చర్చికి ఆయన ఇరవై రెండేళ్లుగా పాస్టర్. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే, పెళ్లి చేసింది ఆయనే. నేను ఆ చర్చి కమిటీకి సెక్రటరీని.

ఆయన మీద లెటర్ రాసింది కూడా నేనే. అది చెప్పకుండా ఈ పోస్ట్ రాయడం నా వల్ల కాదు.

కొత్త బిల్డింగ్ కట్టుకుని, స్క్రీన్, లైవ్ కెమెరా అన్నీ పెట్టుకున్న ఏడాది అది. సముద్రం ఒడ్డు పాళెం నుంచి పోలమ్మ అనే ఆమె ఆదివారాలు రావడం మొదలుపెట్టింది. భర్త సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి ఆమె బొట్టు తీయలేదు. ఆ బొట్టుతోనే వచ్చి, చెప్పులు విడిచే చోట కూర్చునేది.

ఒక ఆదివారం, ప్రభువు బల్ల రోజు, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు, ఆమె లేచి అందరితో పాటు ముందుకు వచ్చింది. రెండు చేతులూ చాపింది.

మా చర్చిలో బాప్తిస్మం లేనివాళ్లకు బల్ల ఇవ్వరు. అందరూ చూస్తున్నారు. కెమెరా కూడా ఆన్‌లోనే ఉంది.

అయ్యగారు ఒక్క క్షణం ఆగి, ఆమె చేతిలో రొట్టె పెట్టారు.

ఆ మధ్యాహ్నమే కమిటీ మీటింగ్. ఎక్కువ మాట్లాడింది నేనే. రూల్ ఆయనకు తెలియనిది కాదు, ఆయనే మాకు నేర్పారు.

"నిజమే అబ్బయా, ఆ రూలు నేనే నేర్పినాను," అన్నారు ఆయన. "ఆ చేతులు జూసినాక ఏం జెప్పాల్నో నాకు తోచలా. మీకు తోస్తే జెప్పండి, ఇంటాను."

ఆయన మూడు నెలలు ఎవరికీ బల్ల ఇవ్వకూడదని లెటర్ రాశాను. ఆయన చదివి, సంతకం పెట్టి ఇచ్చేశారు.

ఆ మూడు నెలలూ బల్ల రోజున ఆయన వెనక్కి వెళ్లి పోలమ్మ పక్కన చాప మీద కూర్చున్నారు. తనూ తీసుకోలేదు. ఆ తర్వాత, తన వల్లే ఆయనకు ఇదంతా జరిగిందని తెలిసి పోలమ్మ రావడం మానేసింది. అయ్యగారు మాత్రం వారానికోసారి మోపెడ్ మీద ఆ పాళెం వెళ్లివస్తూ ఉండేవారు. ఎందుకని మేం అడగలేదు.

నేను ఆదివారం పెద్దవాళ్లకు బైబిల్ క్లాస్ చెబుతాను. ఈమధ్య దేవుని రాజ్యం అనే టాపిక్ వచ్చింది. యూట్యూబ్‌లో ఒకరు చచ్చాక వెళ్లే చోటు అంటారు. ఒకరు ఇక్కడే కారూ ఇల్లూ రావడం అంటారు. ఇంకొకరు మనవాళ్లు ఏలే రోజు వస్తుందంటారు. తల తిరిగిపోయి అయ్యగారినే అడిగాను.

"ఇరవై ఏళ్ల కిందట నాకు బాగా తెలుసబ్బయా," అన్నారు. "ఇప్పుడు అడిగితే ఎట్టా జెప్పేది? అది రావాలని ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తాం గదా. నిజంగా వస్తే మన చర్చిలో దానికి చోటుండాదా అని బయమేస్తది నాకు."

నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు.

నిన్న నేను బస్టాండుకి వెళ్తే, అక్కడి టీ బంకు ఆయన నాకొక కవరు ఇచ్చాడు. అయ్యగారి ఒళ్లో ఉందట. చర్చి కాగితాలు అనుకుని తెరిచాను.

పోలమ్మ భర్త ఫోటో. ఆధార్ జిరాక్స్. మనిషి కనబడలేదని ఇచ్చిన కంప్లైంట్ కాపీ. శవం దొరక్కపోయినా చనిపోయినట్టు సర్టిఫికెట్ ఇవ్వమని అయ్యగారి చేతిరాతతో అర్జీ. ఆ పని మీదే ఆయన నెల్లూరు బయలుదేరారు.

ఈరోజు మధ్యాహ్నం సమాధి చేశాం. పోలమ్మ పాళెం ఆడవాళ్లతో ఆటోలో వచ్చింది. అందరం మన్ను వేస్తుంటే నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది.

"సారూ, నేను ఎయ్యొచ్చునా?"

పెద్దల వైపు చూశాను. వాళ్లు నా వైపు చూశారు. ఆమె అదే జవాబు అనుకుని వెనక్కి జరిగింది.

అందరూ వెళ్లాక గేటు దాకా వెళ్లి ఆమెను పిలుచుకొచ్చాను. గుప్పెడు మన్ను వేసి, "మా నాయన మాదిరి తిరిగినాడు సారూ నాకోసం," అంది. ఇంకేం మాట్లాడలేదు.

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. నా మనసు మారి పిలిచానా? చూసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి పిలిచానా?

రూల్ తప్పని ఇప్పటికీ అనలేను. ఆయన తప్పు చేశారనీ అనలేను. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకు తెలియడం లేదు. రేపు ఆదివారం క్లాసులో ఏం చెప్పాలో అస్సలు తెలియడం లేదు.

సోమవారం స్కూలుకి లీవ్ పెట్టాను. పోలమ్మను తీసుకుని, ఆ కవరుతో నెల్లూరు ఆఫీసుకి వెళ్తాను.

వెళ్లి రండి అయ్యగారూ. ఆ లెటర్‌కి మీకు సారీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. మీరు వెళ్లిన చోట మీ మనసుకు నెమ్మది దొరకాలి.