అయిపోనాదా, అయిపోనట్టేనా?

భిలాయి, క్యాంప్ 1
12 నవంబరు 1986

ఎదురింటి వదిన గుండెపోటుతో పోయి నేటికి పదమూడు రోజులు. ఇవాళే ఆమె గురించి రాయడానికి కారణం, పొద్దున వాళ్ల ట్రంకుపెట్టెలో బయటపడ్డ, చేతులు అల్లని స్వెటరు. మొదలుపెట్టిన పని వదిలే మనిషి కాదామె. మరి ఇదెందుకు ఆగింది?

వదిన శ్రీకాకుళం నుంచి కాపురానికి వచ్చాక, ఒక పంజాబీ పొరుగింటామె దగ్గర అల్లిక నేర్చుకుందట. అల్లేటప్పుడు వరస మధ్యలో లేచేది కాదు. ఓసారి వాళ్లాయన, అన్నయ్యగారు, ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి తలుపు కొట్టారు.

"ఏటే, తలుపు తియ్యవా?"

"వరస అవనీండి. మీ ఫర్నేసు మజ్జిలో ఆపీసి వచ్చీసినారేటి?"

ఆయన మెట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకున్నారు. మా గుమ్మంలో బియ్యం ఏరుతున్న నాకు నవ్వాగలేదు.

మధ్యలో లేస్తే ఏమవుతుందని తర్వాత అడిగాను.

"ఓ కుట్టు జారిపోతాది వదినా. అప్పుడు కనబడదు. ఇరవై వరసలయ్యాక కనబడతాది."

ఆమెకు గిట్టని మాట ఒకటుంది: "అయిపోయినట్టే". హోంవర్కు సంగతి అడిగితే మా మనవలు "హో గయా సమఝో" అంటారే, అదే. ఎవరి నోట విన్నా ఆమె వదిలేది కాదు. "అయిపోనాదా, అయిపోనట్టేనా? రెండిట్లో ఏటి?" ఏ పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో పుస్తకంలో రాసిపెట్టుకునే నాకు ఆ తేడా తెలుసనే అనుకున్నాను.

స్వెటరుకి పిన్నుతో గుచ్చిన చీటీ ఉంది. ఇక్కడే పుట్టిన వదిన కూతురికి తల్లి నేర్పిన అల్లిక వచ్చు గాని, తెలుగు చదవడం రాదు.

"ఇది అధూరా ఉండిపోయింది అత్తా. అమ్మ ఇలా వదలదు కదా? ఏం రాసిందో చూడండి జరా."

చదివాను: "ఎదురింటి వదినకి. చేతి కొలత రావాల."

ఆమెకు ఎదురింటి వదినంటే నేనే. దసరా ముందు వదిన టేపు పట్టుకుని రెండుసార్లు మా గుమ్మానికొచ్చింది. ఎందుకని నేను అడగనైనా లేదు. అప్పడాలు ఎండబెడుతూ, "వస్తాలే, కొలత ఇచ్చినట్టే అనుకో" అన్నాను. ఆ ఒక్కసారి ఆమె తన ప్రశ్న అడగలేదు. నవ్వి వెళ్లిపోయింది. ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు.

ఇక జరగవలసినవి:

1. రేపు పదింటికి వదిన కూతురు ఆమె టేపుతోనే నా చెయ్యి కొలవాలి.

2. నేను ఆ పిల్ల దగ్గరే అల్లిక నేర్చుకుని, రెండు చేతులూ స్వయంగా అల్లాలి. తలుపు ఎవరు కొట్టినా వరస అయ్యేదాకా లేవకూడదు. అంతవరకు చీటీ పిన్ను తియ్యకూడదు.

3. ఆఖరి ముడి పడ్డాక స్వెటరు తొడుక్కుని మా గుమ్మంలో నిలబడాలి. ఎదురింటి తలుపు వైపు చూసి, ఆమె మాటలోనే చెప్పాలి: "అయిపోనాది వదినా."