తిమింగలం కడుపులో పట్టే పెట్టెలు

ఆక్లాండ్‌లోని ఒనెహంగా రేవుకి దగ్గరలో, ఒకప్పుడు ఉన్ని బేళ్ళు దాచిన పాత భవనంలో పై అంతస్తు మాది. ఐదుగురం కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేస్తూ ఉండేవాళ్ళం. నా పని శబ్దాలు. కెలెపి పని ఓడలు, అంటే చుక్కల మధ్య తిరిగే ఓడలు.

కెలెపి టోంగా దీవులవాడు, భారీ మనిషి. మాట మాత్రం మెత్తన. అంతకుముందు పక్కనే ఉన్న మాంగెరే పేటలో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. చేతిరాత బోర్డుల కాలం అయిపోయాక సాయంకాలపు తరగతులకు వెళ్ళి కంప్యూటర్ మీద బొమ్మలు కట్టడం నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలో పాడతాడు. సోమవారం మా అందరికీ ‘లూ’ తెస్తాడు. చామాకుల్లో గొడ్డుమాంసం, కొబ్బరిపాలు పోసి మూటగట్టి ఉడికించిన వంటకం అది. ఆ ఒక్క వాసనకే సోమవారం ఎవరమూ ఆలస్యంగా వచ్చేవాళ్ళం కాదు.

మా ఆటలో ఆడేవాడు చిన్న వర్తకుడు. ఒక చందమామ మీద సరుకు కొని ఇంకో చందమామ మీద అమ్ముకుంటాడు. అతని ఓడకు కెలెపి తమ భాషలో ‘తోఫువా’ అని పేరు పెట్టాడు. తిమింగలం అని అర్థం. ఏడాది పైగా దాన్ని కట్టాడు. మెట్ల కింద తుప్పు, తలుపు పిడి దగ్గర చేతులు తగిలి అరిగిన రంగు, అన్నీ ఉండేవి. దాని సరుకు గదిలోకి ఆడేవాడు నడిచి వెళ్ళొచ్చు. పైకి చూస్తే కప్పు చీకట్లో కలిసిపోయేది.

ఆ గదిలోనే గొడవ మొదలైంది.

శనివారాల్లో బయటివాళ్ళను పిలిచి ఆడించి చూసేవాళ్ళం. ఒకసారి ఒక నర్సు వచ్చింది. ఆటలో మందులు చవగ్గా దొరికే చోట కొని సరుకు గదిలో పెట్టెలు పేర్చుకుంటూ పోయింది. ఎంత పేర్చినా ఇంకా పడుతూనే ఉన్నాయి. ఒక్క ప్రయాణంలో అమ్మేసి, ఆ డబ్బుతో ఆటలో ఉన్న అన్నిటికన్నా మంచి ఓడ కొనేసింది. టీ చల్లారకముందే ఇటు తిరిగి, “బాగుంది. ఇప్పుడేం చెయ్యాలి?” అంది.

జోసెలిన్ తల పట్టుకుంది. ఆటలో ఏది ఎంత ఉండాలో లెక్క కట్టేది ఆమే. ధరలు, ఇంధనం, దొంగల బలం, అన్నీ ఆమె చేతిలోవే. “ఇరవై పెట్టెలు. అంతకుమించి పట్టకూడదు,” అని తేల్చింది.

పై శనివారం వచ్చినవాళ్ళు ఇరవై పెట్టెలు పెట్టి, అంత పెద్ద గదిలో అవి ఓ మూలకి కూడా చాలకపోవడం చూసి పడీపడీ నవ్వారు. ఇంకో పెట్టె తెస్తే ‘చోటు లేదు’ అని తెర మీద రాత వచ్చింది. “చోటు లేదా? ఇక్కడ రగ్బీ ఆడొచ్చు కదయ్యా!” అన్నాడొకడు. కెలెపి కూడా నవ్వాడు గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

తరవాత ధరలతో ప్రయత్నించాం. ఒక్కసారిగా ఎక్కువ అమ్మితే ధర పడిపోయేలా జోసెలిన్ మార్చింది. జనం పది ఊళ్ళు తిరిగి కొంచెం కొంచెంగా అమ్ముకున్నారు. డబ్బు ఎలాగూ వచ్చింది, ఆవలింతలు కూడా వచ్చాయి.

చివరికి జోసెలిన్ అతని బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఓడను చిన్నది చెయ్యి కెలెపీ.”

“ఎంత చిన్నది?”

“నాలుగో వంతు.”

“అది ఓడ కాదు, చేపల డబ్బా అవుతుంది. అందులో ఏడాది ప్రయాణం చేశామంటే ఎవరు నమ్ముతారు?”

“నమ్మకం సంగతి సరే. మూడు గంటల్లో ఆట అయిపోతే కొన్నవాడు ఊరుకుంటాడా? నిజం ఓడ ఎంత మోస్తుందో నాకు అనవసరం. ఆట నిలబడాలి.”

“నాకు అవసరం. కంటికి కనిపించేది ఒకటి, లెక్క ఇంకొకటా? ఆడేవాడికి కళ్ళు లేవనుకున్నావా?”

జోసెలిన్ తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇద్దరూ పనికి కావలసిన మాటే తప్ప ఇంకోటి మాట్లాడుకోలేదు. సోమవారం లూ వచ్చింది. కెలెపి ఆమె వాటా మూట కూడా పెట్టాడు. ఆమె థాంక్స్ అని తీసుకుంది.

అప్పుడే అతని మేనత్త లూపే దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. టోంగాలో, హాపై దీవుల్లోని పాంగాయ్ ఊళ్ళో వాళ్ళ కొత్త చర్చి ప్రారంభం. మేనత్త రమ్మంటే రానని చెప్పే టోంగా మనిషిని నేనింతవరకు చూడలేదు. కెలెపి పని వదిలేసి విమానం ఎక్కాడు.

అక్కడ జరిగింది తరవాత అతను చెప్పగా విన్నదే. రాజధాని నుకుఅలోఫాలో మేనత్తతో కలిసి దీవుల పడవ ఎక్కాలి. మధ్యాహ్నం నుంచే రేవులో లూపే వాళ్ళ సామాను ఎక్కిస్తున్నారు. కానుకలకని నేసిన చాపల చుట్టలు, దుంపల బుట్టలు, విందుకి పందులు, పరుపులు, ఆక్లాండ్ నుంచి చుట్టాలు పంపిన పీపాలు. పడవకి కావలసిన మంచినీళ్ళ పీపాలు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు అప్పటికే సగం చోటు తినేశాయి. పాంగాయ్‌లో కొట్టు నడిపే పెద్దమనిషి ఒకాయన సిమెంటు బస్తాలతో రేవు మీద నిలబడి ఉన్నాడు. ఖాళీగా ఉంటే ఆయన బస్తాలన్నీ పట్టేంత పడవ అది.

ఆయన లూపే దగ్గరికి వచ్చి, “అమ్మా, ఆ చాపలు కాస్త అటు నిలబెడితే నావి ఓ పది బస్తాలు పడతాయి,” అన్నాడు.

“నిలబెడితే అంచులు విరుగుతాయి.”

“పోనీ ఆ రెండు పీపాలు తరవాతి పడవలో…”

“నీ సిమెంటే తరవాతి పడవలో రానీ. దానికేమైనా ఆకలేస్తుందా?”

చుట్టుపక్కల వాళ్ళు గొల్లున నవ్వారు. కొట్టు ఆయన కూడా నవ్వేసి బస్తాల మీద కూర్చున్నాడు. కెలెపికి ఆయన మీద జాలేసింది.

“అత్తా, పాపం, మీ సరుకు కొంచెం తగ్గించుకుంటే ఏం పోయింది?” అని మెల్లగా అడిగాడు.

ఆవిడ అతని వైపు వింతగా చూసింది. “ఇది సరుకేంట్రా? సరుకంటే అతనిది. ఇవి మనం.”

ఆ మాటకి తనకేదో పెద్ద జ్ఞానోదయం అయిందని కెలెపి ఎప్పుడూ చెప్పుకోలేదు. పడవ కదిలిన కాసేపటి నుంచీ దారంతా వాంతులకి బకెట్ పట్టుకుని కూర్చున్నాడట. కానీ తిరిగి వచ్చాక ఓడ కొలతల జోలికి వెళ్ళలేదు. సరుకు గదిలో వస్తువులు పెట్టడం మొదలుపెట్టాడు. ముందు నీళ్ళ ట్యాంకులు, తరవాత గాలి సిలిండర్లు. విప్పి పెట్టిన ఇంజను భాగాలు, మంచాలు, వంటగది, కూరమొక్కల అరలు. క్షవరం చేసే కుర్చీ కూడా ఒకటి.

అలిగి బొమ్మలు పెట్టుకుంటున్నాడని జోసెలిన్ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఓ రోజు ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. తెర మీద ఆ గదిలో నడుస్తూ చాలాసేపు చూసింది. నడవడానికి సన్నటి దారి, చివర కొంచెం ఖాళీ.

“ఆ ఖాళీలో ఎన్ని పడతాయి?” అంది.

“ముప్పై.”

“ఇరవై అన్నాను.”

“ముప్పై పడుతున్నాయి కదా, కళ్ళ ముందే.”

“ఇరవై నాలుగు. అంతకన్నా ఒక్కటి ఎక్కువైనా నా ధరలన్నీ కూలిపోతాయి.”

కెలెపి గడ్డం గోక్కున్నాడు. “సరే. వంటగది కాస్త ఇటు జరుపుతా. ఎలాగూ ఇరుగ్గా ఉంది.”

ఆమె నవ్వింది. “ఆ క్షవరం కుర్చీ ఎవరికి?”

“ఏడాది ప్రయాణం. జుట్టు పెరగదా?”

తరవాతి శనివారం ఎవరూ చోటు గురించి అడగలేదు. ఒకామె మాత్రం నీళ్ళ ట్యాంకు ముందు నిలబడి, “దీన్ని బయట పడేస్తే ఇంకో ఆరు పెట్టెలు పడతాయి కదా? పడెయ్యొచ్చా?” అంది. జోసెలిన్ కళ్ళు మెరిశాయి.

“కూడదు. నీళ్ళు లేకపోతే చస్తారు,” అన్నాడు కెలెపి.

“చావనీ. వాళ్ళ ఓడ, వాళ్ళ ఇష్టం,” అంది జోసెలిన్.

అతనికి అది నచ్చలేదు. అయినా చేశాడు. పడేసినకొద్దీ ఓడ ఎలా ఖాళీ అవుతుందో, సరుకు బరువెక్కినకొద్దీ ఎలా నెమ్మదిస్తుందో అన్నీ కట్టాడు. ట్యాంకు బయటికి దొర్లే చప్పుడు నేను చేశాను. మొదటిసారి ఆడి చూసినప్పుడు, ఒకాయన మంచాలతో సహా అన్నీ పారేసి, గది నిండా పెట్టెలు పేర్చుకుని బయల్దేరాడు. సగం దారిలో గాలి అయిపోయింది. తెర నల్లబడింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, “మళ్ళీ మొదలుపెట్టండి,” అన్నాడు. కెలెపి లేచి బయటికి వెళ్ళి, మెట్ల మీద నిలబడి వచ్చాడు.

ఆట విడుదలైంది. గొప్పగా ఏం అమ్ముడుపోలేదు. ఆ పై అంతస్తులో ఇంకో ఏడాది ఉండగలిగాం, అంతే. అంత పెద్ద ఓడకి చోటు ఇంకా ఉండాలని రాసేవాళ్ళు ఇప్పటికీ రాస్తారు. వాళ్ళకి జవాబులు ఇచ్చే పని కెలెపే తీసుకున్నాడు. ఓడ పటం పంపించి, “మీరు ఏది తీసేస్తారో చెప్పండి,” అని అడుగుతాడు. కొందరు ఓపిగ్గా చెబుతారు. అతనూ అంతే ఓపిగ్గా వాదిస్తాడు.

మధ్యాహ్నాలు అన్నం తిన్నాక ఒక అరగంట తనూ ఆడతాడు. మొన్న వెనక నుంచి తొంగిచూశాను. అతని ఓడలోంచి ఒక్క వస్తువు కూడా బయటికి పోలేదు. ఖాతాలో మాత్రం ఇంధనానికి సరిపడా డబ్బు కూడా లేదు.

“ఇన్నాళ్ళు ఆడి ఇంతేనా?” అన్నాను.

“ఇవాళ కూరమొక్కలు పూత పట్టాయి,” అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.