గోవిందయ్య కట్టిన కక్షిదారు వేషం

నేను తిరుపతిలో లా చదివే రోజుల్లో, ఎనభై ఐదో ఎనభై ఆరో, మా కాలేజీలో ఒక కొత్తరకం పోటీ పెట్టారు. ఒక మనిషి కక్షిదారుగా నటిస్తూ వచ్చి తన కష్టం చెప్పుకుంటాడు. ఇద్దరేసి విద్యార్థులు వకీళ్లలాగా ఎదురుగా కూర్చుని, విని, అడగాల్సినవి అడిగి, సలహా చెప్పాలి. వాదనలుండవు, గొంతు చించుకోవడాలుండవు. ఎంత బాగా విన్నారన్నదానికే మార్కులు. మాట్లాడ్డానికే లాలో చేరిన నాలాంటివాడికి అదొక శిక్ష.

మా లెక్చరర్ తులసీరాం గారు రాసిన కేసు మొగుడు వదిలేసిపోయిన ఇల్లాలిది. పేరు నిర్మలమ్మ. మనోవర్తి కోసం వకీలు దగ్గరికి వస్తుంది. కేసు బాగానే కుదిరింది, నిర్మలమ్మే కుదరలేదు. ఆఫీసులో టైపిస్టును అడిగితే తాళిబొట్టు పట్టుకుని, "ఆటకైనా ఆ మాట నా నోట రాకూడదు సార్" అంది. ఆయన సొంత భార్యను అడిగితే ఇంట్లో మాటలు బందయ్యాయట. పెళ్లికాని పిల్లలను అడిగే ధైర్యం ఎవరికుంది? మొగుడు వదిలేశాడని ఉత్తుత్తికి అనడానికి కూడా ఒక్క ఆడమనిషికీ నోరు రాలేదు. అప్పట్లో నేను పడీపడీ నవ్వాను. వకీలునయ్యాక, నిజంగానే ఆ మాట చెప్పుకోవాల్సి వచ్చిన ఆడవాళ్లను చూశాక ఆ నవ్వు పోయింది.

చివరికి గోవిందయ్య దొరికాడు. నగరి నేతవాళ్ల ఇంటి మనిషి. తిరుపతి వీధుల్లో చీరల మూట భుజాన వేసుకుని తిరిగేవాడు. వయసులో ఉన్నన్నాళ్లూ పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. పాకాల, ఐరాల, ఎక్కడ తిరునాళ్లయితే అక్కడ ఆయనే మహాపతివ్రత. ఆడవేషాలకు ఆడవాళ్లే రావడం మొదలయ్యాక ఆయన్ను పిలిచేవాళ్లు లేరు. అయినా ఆయన కుచ్చిళ్లు పోసి చూపిస్తుంటే, వద్దనుకున్నవాళ్లు కూడా చీర కొనేవాళ్లు.

అడగ్గానే ఒప్పుకున్నాడు. ఒక్కటే కోరాడు.

"మా యింటిదాన్ని గూడా పిలిపించండి సార్. ఇన్నేండ్లలో నా యేసం ఒక్కతూరీ సూడలేదు. నాటకమంటే రాదు. కాలేజీ అంటే వస్తాదేమో."

పిలిచే పని ప్రసూనాంబ మీద పడింది. పోటీలో నా జోడీ ఆ అమ్మాయే. వాళ్లదీ గోవిందయ్య వాళ్లదీ ఒకటే వీధి. నేనూ వెంట వెళ్లాను. గోవిందయ్య భార్య మునిరత్నమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, తల కూడా ఎత్తలేదు.

"నా పెండ్లిచీర కట్టుకోని పొయ్యి ఊరి ముందర ఏడిసినాడు మ్మా. ఆ ఏడుపుకి సప్పట్లు కొట్టినారంట. నేనీడ ఏడిస్తే ఎవురికి కావాల?"

"నాటకం కాదు పెద్దమ్మా, మా పరీచ్చ లాంటిది" అంది ప్రసూనాంబ.

"సూస్తాం పో."

వచ్చింది. చివరి బెంచీలో, గుమ్మం పక్కన, ఎప్పుడంటే అప్పుడు లేచిపోవడానికి వీలుగా కూర్చుంది. మిగతా జోడీలు వినకూడదన్న నియమం మాలో ఎవరికీ తెలియదు కాబట్టి అందరం లోపలే ఉన్నాం.

గోవిందయ్య రంగు పూసుకోలేదు. మామూలు మిల్లుచీర కట్టుకుని వచ్చాడు. హాలంతా ఈలలు. మొదటి జోడీలో ఒకడు "నమస్తే సార్" అని నాలుక కరుచుకుని "మేడమ్" అన్నాడు. ఇంక ఎవరూ నవ్వు ఆపుకోలేదు. గోవిందయ్య నాటకం ఫక్కీలో రాగం తీసి, అప్పజెప్పినట్టు జవాబులు చెప్పాడు. వెనక్కి చూస్తే మునిరత్నమ్మ లేచి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. గోవిందయ్య కూడా చూశాడు.

తరవాత మా వంతు. ప్రసూనాంబ కుర్చీలోంచి లేచి ఎదురు వెళ్లింది.

"రాండమ్మా, కూర్చోండి. ఎండలో పడొచ్చినారు, ముందు నీళ్లు తాగండి."

సొంత మేనత్తతో మాట్లాడినట్టు అంది. ఈలలు ఆగిపోయాయి. నేను ఊరుకోలేక పెళ్లెప్పుడు జరిగిందని అడగబోతే, బల్ల కింద నా కాలు తొక్కింది.

"ఆయన లేనప్పుడు ఎట్లుంటాదమ్మా మీకు?"

ఆ ప్రశ్నకు తులసీరాం గారి కాగితంలో జవాబు లేదు. గోవిందయ్య గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య వైపు ఒకసారి చూశాడు. ఈసారి గొంతులో రాగం లేదు.

"ఎట్లుంటాదమ్మా. కుక్క మొరిగితే ఆయనేమోనని లేస్తా. బిడ్డకి జరమొస్తే సెప్పి పంపేదానికి ఏ ఊర్లో ఉండాడో తెల్దు. పక్కింటామె అడిగితే ఈ పొద్దు వస్తాడంటా. దినామూ అదే మాట. వస్తే రెండు మెతుకులు తిని పండుకుంటాడు. నా కడుపులో ఉండేది ఎవురికి సెప్పుకునేది?"

తులసీరాం గారు పెన్నుతో బల్ల మీద కొట్టారు. నిర్మలమ్మ మొగుడు తిరిగి రానే రాడు. ఈయన చెప్పే మొగుడు వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. కేసు తప్పిపోయింది.

"మీకేం కావాలమ్మా?" అంది ప్రసూనాంబ మెల్లిగా.

మనోవర్తి అనాలి. గోవిందయ్య అనలేదు.

"నేను సెప్పేది ఒక్కతూరి ఇంటే సాలు."

మాకు బహుమతి రాలేదు. కేసు పక్కదారి పట్టించామన్నారు. వెనక వరండాలో గోవిందయ్య భుజం మీది పిన్ను తీసుకోలేక తంటాలు పడుతుంటే మునిరత్నమ్మ వచ్చింది. ఆయన చెయ్యి తోసేసి తనే తీసింది.

"నేను సెప్తా ఉంటే గోడపక్కకి తిరిగి పండుకుంటివి గదా. నిద్రపోయినావనుకుంటి. అన్నీ ఇనింటివా?"

గోవిందయ్య తల ఊపాడు.

"ఇని గూడా ఒక్క మాట పలక్కుండా ఎట్లుంటివయ్యా ఇన్నేండ్లు?"

"నాటకంలో మాటలు రాసిచ్చేటోళ్లు. ఇంట్లో నాకెవురూ రాసియ్యలేదే" అన్నాడు.

మునిరత్నమ్మకు ఏడుపు ఆగలేదు. ఏం చెయ్యాలో తోచక గోవిందయ్య తను కట్టుకున్న చీర కొంగుతోనే ఆమె కళ్లు తుడిచాడు.