ముత్తయ్య తాత నోరు మూయించిన వైనం

ఒకే ఒక్క అబద్ధంతో నిక్షేపంలాంటి మనిషిని పక్షవాతం రోగిని చేసి, హైదరాబాద్ బండి ఎక్కించబోయిన ఘనత నాది. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో కొత్తగా చేరిన నర్సును. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. పని నేర్పారు గానీ, పని మధ్యలో పిలిచేవాళ్లను తట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. నాడి చూస్తుంటే "సిస్టరమ్మా, ఫ్యాను తిరుగుతలేదు!" సిరంజిలోకి మందు తీస్తుంటే "సిస్టర్, క్యాంటీన్ ఎక్కడ?" వీళ్లందరికీ రాజు, పెన్‌పహాడ్ నుంచి జ్వరంతో వచ్చి చేరిన ముత్తయ్య తాత.

"బిడ్డా, మీదే ఊరు? పెండ్లయిందా? మీ నాయిన ఏం జేస్తడు?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూస్తే వార్డు మంచిదని నాకు తోచింది. ఆయన చంకలో థర్మామీటరు పెట్టి, మహా గంభీరంగా చెప్పాను.

"తాతా, మాట్లాడితే జ్వరం తప్పు చూపిస్తుంది. నేను చెప్పేదాకా నోరు తెరవొద్దు, ఈ చెయ్యి కదపొద్దు."

తాత టక్కున నోరు మూశాడు. అబ్బ, ఎంత హాయి!

అంతలో పక్క మంచం వాళ్లు సెలైన్ అయిపోయిందని కేకేశారు. అది మారుస్తుంటే పెద్ద సిస్టర్ పిలిచింది. అటు వెళ్తుంటే ఎవరిదో కట్టు ఊడింది. తాతా, థర్మామీటరూ రెండూ నా బుర్రలోంచి జారిపోయాయి.

కాసేపటికి, ఇడ్లీలు కొనడానికి వెళ్లొచ్చిన తాత భార్య లచ్చమ్మ కేక వినిపించింది.

"ఓ సిస్టరమ్మా, జల్ది రా! మా ముసలాయనకు నోరు పడిపోయింది! పిలిస్తే పలుకుతలేడు, చెయ్యి లేపుతలేడు!"

పరుగెత్తాను. తాత బిగుసుకుని కూర్చున్నాడు. ఎడమచేత్తో తన నోరు చూపించి, నన్ను చూపించి, కళ్లు గుండ్రంగా తిప్పాడు.

"సార్, కళ్లు కూడా తేడాగా ఉన్నాయి!" అని డాక్టరుగారికి చెప్పింది ఎవరనుకున్నారు? నేనే!

డాక్టరుగారు వచ్చి పేరడిగారు. జవాబు లేదు. రెండు చేతులూ ఎత్తమన్నారు. ఎడమ చెయ్యి లేచింది. కుడిచెయ్యి జిగురుతో అతికించినట్టు ఉండిపోయింది.

"పక్షవాతంలా ఉంది. హైదరాబాద్ తీసుకెళ్లాలి. అంబులెన్స్ పిలవండి."

"నన్నాగం జేసి పోతవా అయ్యా!" అని లచ్చమ్మ గొల్లుమంది. ఆమెను చూసి నాకూ ఏడుపొచ్చింది. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, మా వార్డులో మౌనం అంబులెన్స్ దాకా పోయింది.

గుండె చూద్దామని డాక్టరుగారు తాత చొక్కా గుండీలు విప్పారు. చంకలోంచి థర్మామీటరు తొంగిచూసింది.

"ఇది ఎవరు పెట్టారు?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ క్షణాన నిజంగా నోరు పడిపోయింది నాకే. తాత చెవి దగ్గరికి వంగి, "తాతా... ఇంక మాట్లాడొచ్చు" అన్నాను.

ముత్తయ్య తాత గట్టిగా ఊపిరి వదిలాడు.

"జరమెంతున్నది బిడ్డా? తప్పు జూపెట్టలే గద?"

పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. డాక్టరుగారు తిట్టబోయి, ఆపుకోలేక నవ్వేశారు. తర్వాత గదిలోకి పిలిచి తీరిగ్గా తిట్టారనుకోండి, అది వేరే సంగతి.

లచ్చమ్మ కళ్లు తుడుచుకుని మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. "పెండ్లయిన కాన్నుంచి నోరు మూసుకోమని మొత్తుకుంటున్న. ఒక్కనాడన్న ఇన్నవా?"

తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, మెల్లగా అడిగింది: "బిడ్డా, గా జరం పుల్ల యాడ దొరుకుతది? ఇంటికొకటి కొనుక్కపోత."

పాఠక మహాశయులారా, మీ సాక్షిగా థర్మామీటరు మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇకపై ఏ రోగి నోరూ మూయించను. వాళ్ల భార్యలు కాళ్లావేళ్లా పడినా సరే!